నొప్పి లేని బిళ్ల

సండర్లాండ్‌లో నా కొట్టు. మూడే కుర్చీలు.
అద్దాల మీద ఉప్పుగాలి రోజూ పొర కడుతుంది,
రోజూ తుడుస్తాను.
మొహాలు మర్చిపోతాను గానీ మెడలు మర్చిపోను.

డెక్లన్ మెడ సన్నం. కుడి చెవి వెనక పుట్టుమచ్చ.
పదిహేడేళ్లు. పైపుల పని నేర్చుకుంటున్నాడు.
మూడు వారాలకోసారి వచ్చి పక్కలు గీయించుకుంటాడు,
పైన మాత్రం ముట్టుకోవద్దంటాడు.

సెప్టెంబరులో మెడకి కాగితం చుడుతుంటే
ఎడమ ఎముక పైన, గుంటలో
శనగగింజంత తగిలింది.
"నొప్పా?" అన్నాను.
"లేదు."
ఇద్దరం ఊపిరి వదిలాం.
అక్కడే తప్పు చేశాం.

మా మామ్మకి ఒకటే లెక్క:
కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ల కడుతుంది,
నొక్కితే ప్రాణం పోతుంది,
పుండు మానితే బిళ్ల కరుగుతుంది.
నొప్పి లేని బిళ్ల గురించి
ఆవిడ ఏటీ చెప్పకుండానే పోయింది.

అక్టోబరు. కుర్చీలో కుదురుగా కూర్చోడు.
పిక్కలు గోకుతున్నాడు, రక్తం చారలు.
దద్దురు లేదు. ఈ చలిలో దోమెక్కడిది?
రాత్రిళ్లు చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయట,
వాళ్లమ్మ హీటరు కట్టేసిందట.
బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు.
"డాక్టరు వైరస్ అన్నాడు. అదే పోతుందన్నాడు."
పరీక్షలు, ఫోను, చాలని నిద్ర,
అలసటకి వంద పేర్లు దొరికే వయసు.
నేనూ ఒక పేరు పెట్టాను: ఎదుగుతున్నాడు.

నవంబరుకి అది కుంకుడుకాయంత.
కత్తెర కింద పెట్టేశాను.
చేతి అద్దం చివర్లో కదా చూపిస్తాం,
వెనక ఎలా కుదిరిందో చూసుకోమని.
నేను సగం తలకే తీసి, పక్కకి పట్టాను.
"చూడు."
వాడు జుట్టు చూసుకుంటున్నాడు.
"జుట్టు కాదు నాయనా. ఇది."

మళ్లీ వెళ్లు. రేపే.
రెండు నెలలైందని చెప్పు.
చెమట సంగతి చెప్పు, దురద సంగతి చెప్పు,
బెల్టు తీసి ఆ చిల్లు చూపించు.
మళ్లీ వైరస్ అంటే, అయితే రక్తం చూడండి అను.
మొహమాటపడి లేచి వచ్చెయ్యకు.
నా ఇంగ్లీషు ఆవేళ ఎక్కడా తడబడలేదు.
మిగతా సగం తలే వంకరగా కుదిరింది.

ఎన్ని బిళ్లలున్నాయో మనకి:
రూపాయి బిళ్ల, బొట్టుబిళ్ల, తొక్కుడుబిళ్ల,
జ్వరానికి మింగే బిళ్ల.
డెక్లన్‌దాన్ని ఆసుపత్రి వాళ్లు ముక్క కోసి చూసి
హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు.
నాకు నోరు తిరగడానికి వారం పట్టింది.
ఈడొచ్చిన పిల్లలకీ, పాతికేళ్ల వాళ్లకీ కూడా వస్తుందట.
చాలామందికి లొంగుతుందట, ముందే దొరికితే మరీను.
ఆ "ముందే" దగ్గర
నా వేళ్లు ప్రతిసారీ సెప్టెంబరుకి వెళ్లొస్తాయి.

జనవరిలో వాడే వచ్చాడు, రాలకముందే తీసెయ్యమని.
ముట్టుకోవద్దనే ఆ పై జుట్టు, అంతా.
వాళ్లమ్మ కారులోనే కూర్చుంది.
నున్నటి తల మీద పాత దెబ్బ మచ్చ ఒకటి బయటపడింది.
"సైకిలు," అన్నాడు.
ఎందుకో ఇద్దరం నవ్వాం.

జూన్లో నూగు మొలిచింది.
కత్తిరించడానికి ఏమీ లేదు,
అయినా కూర్చుని మెడకి కాగితం చుట్టించుకున్నాడు.
ఆగస్టులో ఇంకో స్కాను ఉందట.
వెళ్తూ పౌను బిళ్ల ఒకటి నా అరచేతిలో పెట్టి
వేళ్లు మూశాడు.

నేను డాక్టర్ని కాను.
ఇవాళ కొత్త గుంటడు కూర్చున్నాడు, చెవుల్లో పాటలు.
కాగితం చుడుతూ
దవడ కింద, చెవి వెనక, ఎముక పైన గుంటలో
ఒక్క క్షణం ఆగుతాను.
"ఏం వెతుకుతున్నావ్?" అంటాడు విసుగ్గా.
ఏమీ లేదు, అంటాను.
ఏమీ లేకపోవడాన్నే
వెతుకుతున్నాను.